మైక్రోవేవ్‌ల వంట మంచిగ రావాలంటే ఎట్ల చేయాలె? పవర్ బటన్ సంగతి తెలుసుకోండి

మా వరంగల్, హన్మకొండ సైడ్ చాలా ఇండ్లల్ల మైక్రోవేవ్‌కు ఉన్న డ్యూటీ ఏందంటే పొద్దుగాల పాలు వేడి చేసుడు, రాత్రికి మిగిలిన కూర వేడి చేసుడు, అంతే. మిగతా టైం అంత దాని మీద ఒక గుడ్డ కప్పి ఉంటది, గుడ్డ మీద నాలుగు సామాన్లు ఉంటయి. ఎవ్వల్నన్న అడిగి చూడండి, "అండ్ల వండితే కొంత ఉడుకుతది, కొంత ఉడకది, రొట్టె పెడితే రబ్బరు అయితది" అంటరు. నిజమే, అట్లనే అయితది. ఎందుకంటే అన్నిటికి ఫుల్ పవరే పెడ్తరు గనక. స్టార్ట్ ఒకసారి ఒత్తితే చాలా మిషన్లు 30 సెకన్లు ఫుల్ పవర్ల తిరుగుతయి, చాలకపోతే మల్ల ఒత్తుతరు, మల్ల ఒత్తుతరు. పక్కనే "పవర్" అని ఇంకో బటన్ ఉంటది, కొన్నప్పటి సంది దాన్ని ముట్టినోళ్లు తక్కువ. అసలు వంట మొత్తం ఆ బటన్ల ఉంది.

ముందు మిషన్ మీద స్టిక్కర్ చూడండి

డోర్ తీస్తే అంచుకో, లేకపోతే వెనకనో ఒక స్టిక్కర్ ఉంటది. దాని మీద రెండు వాట్ల నంబర్లు ఉంటయి. పెద్దది కరెంట్ గుంజేది, చిన్నది తిండికి ఇచ్చేది, మనకు కావాల్సింది చిన్నదే, అంటే అవుట్‌పుట్ అని రాసి ఉన్నది. ఇంట్ల వాడేవి ఎక్కువగ 700 నుంచి 1000 వాట్ల మధ్యల ఉంటయి. యూట్యూబ్‌ల ఎవరో 3 నిమిషాలు అని చెప్తే మీరు గూడ 3 నిమిషాలు పెట్టి, ఉడకలేదని మిషన్‌ను తిట్టుకుంటే లాభం లేదు, వాళ్లది 1000 వాట్లు, మీది 700 ఉండొచ్చు. లెక్క సింపుల్: వాళ్ల వాట్లను మీ వాట్లతోని భాగించి, వాళ్ల టైంతోని గుణించాలె. 1000 వాట్ల 3 నిమిషాలు మీ 700 వాట్ల దాంట్ల దగ్గర దగ్గర 4 నిమిషాల 15 సెకన్లు అయితది. ఎండకాలం సాయంత్రం వోల్టేజ్ పడిపోయినప్పుడు ఇంకొంచెం ఎక్కువనే పడ్తది, అది గూడ గుర్తుంచుకోండి.

ప్లగ్ పెద్ద దాంట్లనే, అంటే 16 ఆంపుల సాకెట్లనే పెట్టాలె, మిక్సీ పెట్టే చిన్న సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ గుచ్చి పెట్టొద్దు. నడిచేటప్పుడు మీద గుడ్డ తీసెయ్యాలె, వెనక గోడకు ఆనించొద్దు, గాలి ఆడాలె.

ఇగ సోలో (ఉత్త మైక్రోవేవ్), గ్రిల్ (మీదికెల్లి కాల్చేది), కన్వెక్షన్ (వేడి గాలి తిప్పేది) అని మూడు రకాలుంటయి కదా, కేకులు, తందూరీ చికెన్ కావాల్నంటేనే కన్వెక్షన్. ఈ కింద చెప్పేదంత మామూలు మైక్రోవేవ్ మోడ్‌ల పని, మీది ఏ రకమైనా నడుస్తది.

అంచులు సలసల, నడుమ సల్లగ, ఎందుకట్ల?

పొయ్యి మీద గిన్నె వేడయితది, గిన్నె కూరను వేడి చేస్తది. ఇండ్ల అట్ల కాదు. 2450 మెగాహెర్ట్జ్ తరంగాలు నేరుగ తిండిల ఉన్న నీళ్లను, కొంత నూనెను కదిలిచ్చి వేడి చేస్తయి. చాలా మంది లోపలికెల్లి ఉడుకుతది అనుకుంటరు గని అది తప్పు, తరంగాలు రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకనే గట్టిగ పోతయి, ఆ లోపలికి వేడి మెల్లగ పాకాలె. ఫుల్ పవర్ పెడితే అంచులు మాడేదాక పోతయి, నడుమకు వేడి పాకే టైమే దొరకది.

ఇంకోటి, లోపల తరంగాలు అన్ని జాగలల్ల ఒక్క తీరుగ ఉండయి. కొన్ని జాగలు మస్తు వేడి, కొన్ని జాగలు సప్పగ. నమ్మకుంటే ఒక పెద్ద అప్పడం పెట్టి డోర్ల నుంచి చూడండి, ముందు ఒక పక్కన బుడగలు లేస్తయి, ఆ బుడగలు తెల్లగ పాకుకుంట పోతయి, ఇంకో పక్కన పసుపు రంగుల పచ్చిగనే ఉంటది. ప్లేటు తిరిగేది అందుకే. ప్లేటు తిరిగినా దాని నడిబొడ్డున ఉన్న ముక్క మాత్రం ఉన్న కాడనే గుండ్రంగ తిరుగుతది, జాగ మారది. అందుకని ఆలుగడ్డలైనా, ఇడ్లీలైనా నడుమ ఖాళీ ఉంచి చుట్టూ పేర్చండి, లావు పక్క బయటికి, సన్న పక్క లోపలికి.

నీళ్లున్నంత సేపు తిండి 100 డిగ్రీలు దాటది, దాటకపోతే ఎర్రగ వేగది. కాబట్టి ఉల్లిగడ్డ ఎర్రగ వేగుడు, బెండకాయ వేపుడు, పోపు, ఇవి పొయ్యి మీదనే. ఇండ్ల ప్రయత్నం చేసి టైం పాడు చేసుకోకుండ్రి.

పవర్ ఎక్కడ ఎంత పెట్టాలె

ఫుల్, అంటే 100 శాతం: నీళ్లు, నీళ్లున్న కూరగాయలు, ఆకుకూర, మక్కకంకి, అప్పడం. 70: అన్నం, కూరలు మల్ల వేడి చేసుడు. 50: పప్పు, పనీర్, చికెన్, పెరుగు కలిసిన కూరలు, ఇంక పొంగే అవకాశం ఉన్నవన్ని. 30: ఫ్రీజర్ల గట్టిపడ్డవి కరిగించుడు, వెన్న, చాక్లెట్ కరిగించుడు.

50 పెడితే మిషన్ సగం బలంతోని నడుస్తదని కాదు, మామూలు మోడళ్లల్ల కొన్ని సెకన్లు ఫుల్లుగ నడిచి కొన్ని సెకన్లు ఆగుతది. చెవి పెట్టి వింటే తెలుస్తది, గుర్రుమనే సౌండ్ ఒకసారి బరువుగ, ఒకసారి తేలికగ మారుకుంట ఉంటది. ఆగిన ఆ సెకన్లల్లనే అంచుల వేడి నడుమకు పోతది. "ఇన్వర్టర్" అని రాసున్న మైక్రోవేవ్‌లైతే నిజంగనే తక్కువ బలంతోని ఆగకుంట నడుస్తయి.

ఫ్రీజర్ల పెట్టిన చికెన్ విషయంల ఇది బాగ కనపడ్తది. ఐసు ఈ తరంగాలను సరిగ పట్టుకోదు, నీళ్లు మాత్రం గట్టిగ పట్టుకుంటయి. అంటే కొంచెం కరిగిన జాగనే ఇంక ఇంక వేడయితది, మిగతాది రాయి లెక్కనే ఉంటది. ఫుల్ పవర్ల పెడితే అంచులు తెల్లగ ఉడికిపోయి నడుమ కత్తి దిగది. 30 పెట్టి, రెండు నిమిషాలకోసారి తిప్పేసి, ఊడొచ్చిన ముక్కలు తీసి పక్కన పెట్టుకుంట పోవాలె. కరిగినంక వెంటనే వండేయ్యాలె, మల్ల ఫ్రీజర్ల పెట్టొద్దు.

గిన్నె ఏది?

గాజుది బెస్ట్, అది గూడ వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు. పింగాణీ గూడ ఓకే గని అంచుకు బంగారు గీత ఉన్నది పెడితే మెరుపులొస్తయి. స్టీలు, అల్యూమినియం, ఫాయిల్, ఇవి మైక్రోవేవ్ మోడ్‌ల వద్దు. మెలమైన్ ప్లేట్లు వద్దు, పార్సిల్‌ల వచ్చే తెల్ల థర్మాకోల్ డబ్బాలు వద్దు.

"మైక్రోవేవ్ సేఫ్" అని రాసున్న ప్లాస్టిక్ డబ్బా నీళ్ల కూరకు పర్వాలేదు, గని మన కూరలు అట్ల ఉండయి కదా. నూనె, కారం దండిగ ఉన్న కూరల నూనె 100 డిగ్రీలు దాటి పోతది, డబ్బా గోడ మీద నూనె తేలిన గీత దగ్గరనే గరుకుగ మచ్చ పడ్తది, ప్లాస్టిక్ ఆడ మెత్తబడ్డట్టు లెక్క. ఎరుపు రంగు గూడ నూనెతోనే అండ్లకు దిగుతది, మా వరంగల్ చపాటా మిర్చి కారమైతే ఇంక చెప్పేదే లేదు, 2025ల జీఐ ట్యాగ్ (ఫలానా జాగ సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందే ఆ మిర్చికి, దాని పేరే ఎర్రటి రంగుకు. ఎన్నిసార్లు తోమినా పోదు. కూరకు గాజు గిన్నెనే పెట్టండి.

రాత్రి అన్నం కూర వేడి చేసే పద్ధతి

అన్నాన్ని గడ్డలు లేకుంట చిదిమి, ప్లేట్ల నడుమ గుంట చేసి చుట్టూ పరవండి. ఒక ప్లేటుకు రెండు చెంచాల నీళ్లు చల్లండి. మీద మూత పెట్టాలె గని పూర్తిగ బిగించొద్దు, ఆవిరి పోయే సందు ఉండాలె. 70 పవర్ల నిమిషంన్నర పెట్టి, తీసి కిందిది మీదికి కలిపి, ఇంకో నిమిషం. ఆపంగనే తీసి తినొద్దు, మూతతోనే ఒకటి రెండు నిమిషాలు ఉంచండి, ఆ టైంల గూడ ఉడుకుడు నడుస్తనే ఉంటది. కూర వేరే గిన్నెల, అదే 70, నడుమల ఒకసారి కలిపి. అన్నం కూర ఒకే ప్లేట్ల పెడితే కూర చిటపట ఎగిరి గోడలకు అంటుతది, అన్నం మాత్రం సగం సల్లగనే ఉంటది.

అన్నం విషయంల ఒక్క మాట గట్టిగ చెప్పాలె. పొద్దటి అన్నం ఎండకాలంల పొద్దుందాక వంటింట్ల బయటనే ఉంచి, రాత్రి మైక్రోవేవ్‌ల పొగలు కక్కేటట్టు వేడి చేసి, ఇగ ఏం కాదులే అనుకుంటరు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బయట పెట్టిన అన్నంల పెరిగి విషం వదులుతది, ఆ విషం మల్ల వేడి చేసినా పోదు. వండినంక గంటా రెండు గంటలల్ల ఫ్రిజ్‌ల పెట్టేయ్యాలె, ఒక్కసారే వేడి చేయాలె, లోపలిదాక పొగలు రావాలె.

జొన్నరొట్టెను తడి గుడ్డల చుట్టి 20, 30 సెకన్లు చాలు, తీసినంక వెంటనే తినాలె, ఆరితే గట్టిగయితది. సర్వపిండి మాత్రం దయచేసి ఇండ్ల పెట్టకుండ్రి. దాని కరకర మొత్తం పోయి మెత్తగ చెమట పడ్తది, పెనం మీద సన్న మంటకు పెడితేనే న్యాయం.

వండి చూడాల్సినవి

మక్కకంకి. ఇది మైక్రోవేవ్‌కే పుట్టింది. పొట్టు తీయొద్దు, పొట్టుతోనే ఒక కంకి ఫుల్ పవర్ల 3 నుంచి 4 నిమిషాలు పెట్టండి, రెండు పెడితే 6 పైన పడ్తది, ఎందుకంటే ఇండ్ల సామాను పెరిగినకొద్ది టైం పెరుగుతది, పొయ్యి లెక్క కాదు. తీసి రెండు నిమిషాలు ఆగి, గుడ్డతోని పట్టుకుని, కాడ ఉన్న పక్క ఒక అంగుళం కోసి, కొస పట్టుకుని వత్తితే కంకి ఒక్కటే జారి బయటికొస్తది, పీచంత పొట్టులనే ఉండిపోతది. ఉడకబెట్టినట్టు ఉంటది, బొగ్గుల మీద కాల్చిన వాసన ఆశపడొద్దు.

ఆలుగడ్డ, వంకాయ. ముందు ఫోర్కుతోని నాలుగు దిక్కుల పొడవాలె, లేకపోతే ఆవిరి పోయే తొవ్వ లేక పగులుతయి. మధ్యరకం ఆలుగడ్డ ఒకటి ఫుల్‌ల 4, 5 నిమిషాలు, సగంల తిప్పేయ్యాలె. వంకాయ పచ్చడికైతే ఇండ్ల మెత్తగ ఉడికించి, చివర్ల ఒక్క రెండు నిమిషాలు స్టవ్ మంట మీద తోలు మాడ్చండి, పొగ వాసన వస్తది, గ్యాసు గూడ మిగులుతది.

పల్లీలు. ఒక కప్పు పల్లీలు గాజు ప్లేట్ల పలచగ పరిచి, ఫుల్‌ల ఒక నిమిషం, కలపాలె, ఇంకో నిమిషం, కలపాలె, ఆ తర్వాత 30 సెకన్లకోసారి చూసుకుంట పోవాలె. మొత్తం 3, 4 నిమిషాలల్ల అయిపోతయి. ఇండ్ల మోసం ఏందంటే బయట పొట్టు రంగు మారకముందే లోపల గింజ ఎర్రగయి మాడుతది. అందుకే ప్రతిసారి ఒక పల్లిని రెండు బద్దలు చేసి లోపల చూడండి, లేత గోధుమ రంగు కనపడంగనే ఆపేయ్యాలె. తీసినప్పుడు మెత్తగనే ఉంటయి, సల్లారినంకనే కరకర.

మెత్తబడ్డ సకినాలకు గూడ ఇదే సూత్రం. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బా మూత సరిగ పెట్టక మెత్తబడితే, ప్లేట్ల ఒక వరుస పేర్చి, మూత లేకుంట 30 సెకన్లు పెట్టి బయట ఆరబెట్టండి. తేమ పోయి మల్ల కరకరలాడ్తయి. నిమిషం పైన పెడితే నువ్వులు మాడి చేదొస్తది.

అన్నం వండొచ్చు గూడ. ఒక కప్పు బియ్యం అరగంట నానబెట్టి, ఎత్తు గిన్నెల రెండు కప్పుల నీళ్లతోని, ఫుల్‌ల 5 నిమిషాలు, తర్వాత 50ల 12 నిమిషాలు, తర్వాత 5 నిమిషాలు ముట్టకుంట. ఎత్తు గిన్నె కాకపోతే పొంగి ప్లేటంత గంజి అయితది. రూంల ఒక్కరే ఉండే స్టూడెంట్లకు ఇది పనికొస్తది, ఇంట్ల నలుగురుంటే కుక్కరే నయం, నా మాట వినండి.

అసలు చేయొద్దనివి

కోడిగుడ్డు పెంకుతోని పెట్టొద్దు, ఉడకబెట్టి పొట్టు తీసిన గుడ్డు గూడ వేడి చేయొద్దు, కొరికినప్పుడు నోట్లనే పేలొచ్చు. చంటిపిల్లల పాలసీసా ఇండ్ల వేడి చేయొద్దు, సీసా సల్లగ తగుల్తది గని లోపల ఒక జాగల పాలు కాలేటట్టుంటయి. ఎండుమిర్చి వేయించొద్దు, ఘాటుకు ఇల్లంత దగ్గుడే. నీళ్లు ఒక్కటే మరిగిస్తే నున్నటి గ్లాసుల బుడగ రాకుంటనే 100 డిగ్రీలు దాటి, కాఫీ పొడి వేయంగనే ఒక్కసారి ఎగిసి చెయ్యి కాల్తది, అందుకని ముందే ఒక కట్టె చెంచా అండ్ల వేసి పెట్టండి. ఖాళీగ అసలే నడపొద్దు, తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ఖరాబయితది.

కడుగుడు

గిన్నెల నీళ్లు పోసి సగం నిమ్మకాయ పిండి, కట్టె చెంచా వేసి 4 నిమిషాలు ఫుల్‌ల పెట్టి, డోర్ తీయకుంట 5 నిమిషాలు ఉంచితే ఎండిన కూర మరకలన్ని నానుతయి, గుడ్డతోని తుడిస్తే పోతయి.

లోపల కుడి పక్క గోడకు అట్టముక్క లెక్క ఒకటి కనపడ్తది, కొందరు అది ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేస్తరు. అది మైకా షీట్, తరంగాలు వచ్చే తొవ్వకు మూత. దాని మీద నూనె చిట్లి మాడిపోతే ఆడనే నిప్పురవ్వలు వస్తయి. స్పార్క్ చూసి మిషన్ పోయిందని కొత్తది కొనకముందు ఆ షీట్ మీద నల్ల మచ్చ ఉందేమో చూడండి, ఉంటే అదే సైజుది తెచ్చి కత్తెరతోని కోసి మార్చొచ్చు, ఎలక్ట్రానిక్స్ స్పేర్ పార్ట్స్ దుకాండ్లల్ల తక్కువకే దొరుకుతది. మార్చినంక గూడ రవ్వలు ఆగకపోతే మెకానిక్‌కు చూపియ్యాలె, బయటి బాడీ మాత్రం మీరు ఇప్పొద్దు, లోపల కరెంట్ నిల్వ చేసుకునే కెపాసిటర్ అనే భాగంల, ప్లగ్ పీకినంక గూడ ప్రాణం తీసేంత కరెంట్ నిలిచి ఉంటది.