భయం కలిగిన దినమున విశ్వాసి ఏం చేయాలి

పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే ఇంట్లోనూ, రక్తపరీక్ష రిపోర్టు ఇంకా చేతికి రాని రోజుల్లోనూ, ఈ నెల వాయిదా ఎలా కట్టాలో తోచని రాత్రుల్లోనూ భయం మనిషిని పట్టుకుంటుంది. క్రైస్తవ కుటుంబాలలో ఆ భయానికి తోడు మరొక భారం కూడా చేరుతుంది: “నేను విశ్వాసిని కదా, నాకెందుకు భయం కలగాలి, నా విశ్వాసంలోనే లోపం ఉందేమో” అన్న అపరాధ భావం. ముందుగా దించుకోవలసినది ఈ రెండో భారాన్నే. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ఎంతగా విభ్రాంతి చెందాడో, ఎంతగా చింతాక్రాంతుడయ్యాడో మార్కు సువార్త 14వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. పాపమెరుగని ప్రభువే అంతగా కలత చెందినప్పుడు, కలత చెందడం దానంతట అది పాపమని ఎవరూ మనకు చెప్పలేరు. మనం నేర్చుకోవలసినది ఆ కలతలో ఆయన ఏం చేశాడన్నది. ముగ్గురు శిష్యులను దగ్గర ఉండమని అడిగాడు. కొంత దూరం వెళ్లి నేలమీద పడి, తన మనసులో ఉన్నదంతా తండ్రితో చెప్పుకున్నాడు.

కాబట్టి భయం కలిగినప్పుడు మొదట చేయవలసిన పని, అది దేని గురించో స్పష్టంగా రాసుకోవడం. “డబ్బు గురించి దిగులుగా ఉంది” అని రాస్తే చాలదు. “10వ తేదీకి కట్టవలసిన వాయిదాలో సగం సొమ్ము చేతిలో లేదు, కట్టకపోతే బ్యాంకు వాళ్లు ఇంటికి వస్తారని భయంగా ఉంది” అని రాయాలి. ఈ పద్ధతికి బైబిలులో యూదా రాజైన హిజ్కియా మంచి ఆదర్శం. అష్షూరు రాజైన సన్హెరీబు యెరూషలేమును పట్టుకుంటానని బెదిరిస్తూ ఉత్తరం పంపినప్పుడు, హిజ్కియా దానిని చదివి, మందిరానికి తీసుకువెళ్లి, దేవుని సన్నిధిలో విప్పి పరిచాడని యెషయా 37వ అధ్యాయంలో ఉంది. అతని ప్రార్థనలో నాకు ఎంతో విలువైనదిగా కనిపించే మాట ఒకటి ఉంది: అష్షూరు రాజులు ఆయా దేశాలను పాడుచేసిన సంగతి నిజమేనని అతడు దేవుని ముందు ఒప్పుకున్నాడు. అపాయాన్ని తక్కువ చేసి చెప్పలేదు, లేనట్టు నటించలేదు. మీరు కూడా విప్పడానికి భయపడి బీరువాలో పెట్టిన ఆ కవరును తీసి, బల్లమీద పరిచి, అందులోని మాటలను ఒక్కొక్క వాక్యంగా పైకి చదువుతూ ప్రార్థించండి. అందమైన పదాల కోసం వెతుక్కోనవసరం లేదు, ఇంట్లో మాట్లాడే మాటలే చాలు.

ప్రార్థన ముగించి లేచేముందు, అదే కాగితం మీద ఈ రోజు మీ చేతిలో ఉన్న పని ఏమిటో ఒకటి రాయండి. యెరూషలేము గోడ కడుతున్నప్పుడు శత్రువులు దాడి చేస్తారని తెలిసిన నెహెమ్యా, అతనితో ఉన్నవారు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు. ప్రార్థన చేశాం గనుక కావలి అక్కర్లేదని వారు అనుకోలేదు. వాయిదా భయమైతే గడువుకు ముందే బ్యాంకుకు వెళ్లి, వ్యవధి ఇవ్వగలరేమో అడగడం ఈ రోజు పని. రిపోర్టు భయమైతే డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడం ఈ రోజు పని. ఫలితం ఎలా వస్తుందన్నది మాత్రం ఈ రోజు పని కాదు, అది మీ చేతిలోనూ లేదు. “ఏనాటికీడు ఆనాటికి చాలును” అని ప్రభువు మత్తయి 6:34లో పలికినది, ఏం తిందుము, ఏం ధరించుకొందుము అన్న చింత గురించి మాట్లాడుతున్న సందర్భంలోనే. అందుచేత రేపటికి సంబంధించినదాన్ని కాగితం కింది భాగంలో విడిగా రాసి, దానిని పేరుపేరునా దేవునికి అప్పగించి, ఈ రోజు పనిని మధ్యాహ్నంలోగా పూర్తి చేయడానికి ప్రయత్నించండి. వాయిదా వేసేకొద్దీ భయం పెరుగుతుంది.

వాక్యాన్ని ఉపయోగించే విధానం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది తడబడేది ఇక్కడే. కొత్త సంవత్సరపు ఆరాధనలో తీసుకున్న వాగ్దాన వచనాన్ని గోడకు అంటించి, దిండు కింద బైబిలు పెట్టుకుని, ఇక కీడు రాదని నిశ్చింతగా ఉండడం విశ్వాసం కాదు. అది వాక్యాన్ని తాయెత్తుగా మార్చడం. బైబిలులో “భయపడకుము” అన్న మాట సంవత్సరానికి సరిపడా 365 సార్లు ఉందని ప్రసంగాలలో తరచుగా వింటాం గాని, వెతికి చూస్తే ఆ లెక్క తేలదు, విశ్వాసానికి ఆ లెక్క అవసరమూ లేదు. ఒక్క వచనం చాలు, అది ఏ సందర్భంలో పుట్టిందో తెలిస్తే. “నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను” అన్న 56వ కీర్తన 3వ వచనాన్ని తీసుకోండి. ఫిలిష్తీయులు దావీదును తమ పట్టణమైన గాతులో పట్టుకున్నప్పటి కీర్తన అని దాని శీర్షికే చెబుతుంది. భయం సంభవించే దినం ఉంటుందని ఒప్పుకుని, ఆ దినమున ఎవరిని ఆశ్రయించాలో నిశ్చయించుకున్నవాని మాట అది. ఆ కీర్తన అంతటినీ ఒకసారి నిదానంగా చదివి, ఈ ఒక్క వచనాన్ని కంఠతా పట్టి, ఉదయం లేవగానే, బస్సులో కూర్చున్నప్పుడు, ఆసుపత్రి వరండాలో పేరు పిలిచేదాకా వేచి ఉన్నప్పుడు, ఊపిరి మెల్లగా తీసి వదులుతూ మనసులో చెప్పుకోండి. వచనం తర్వాత మీ సొంత మాట ఒకటి చేర్చండి: “ప్రభువా, ఈ రిపోర్టు విషయంలో నిన్నే ఆశ్రయిస్తున్నాను.” అలా చేర్చినప్పుడే అది వల్లె వేయడం కాకుండా ప్రార్థన అవుతుంది.

రాత్రి భయాలకు విడిగా ఒక జాగ్రత్త చెప్పాలి. యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయిన ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావును కోరుకున్నప్పుడు, దేవుడు అతనికి ముందుగా ప్రసంగం చేయలేదు; నిద్రపోనిచ్చాడు, దూత చేత నిప్పులమీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి కూడా తినిపించాడు. ఆకలితో, నిద్రలేమితో ఉన్న శరీరానికి ప్రతి భయమూ రెట్టింపుగా కనిపిస్తుంది. అర్ధరాత్రి లేచి ఫోనులో జబ్బు లక్షణాలు వెతకడం మానండి; భోజనం మానేసి దిగులుపడడాన్ని ఉపవాసమని పిలవకండి. కుటుంబ ప్రార్థనలో ఒక కీర్తన పాడుకుని, ఫోనును వేరే గదిలో పెట్టి పడుకోండి.

శకునాల భయం, దిష్టి భయం, ఎవరో ఏదో చేయించారన్న భయం మన విశ్వాసుల ఇళ్లలోనూ ఉన్నాయి. “మీలో ఉన్నవాడు లోకములో ఉన్నవానికంటె గొప్పవాడు” అని 1 యోహాను 4:4 చెబుతుంది. ఆ మాటను నమ్మినవారు పిల్లి ఎదురొచ్చిన రోజున కూడా అనుకున్న సమయానికే గుమ్మం దాటాలి. పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని బెదిరించే మెసేజి, పైన సిలువ బొమ్మ ఉన్నా సరే, పంపకుండా తీసివేయవలసినదే.

భయాన్ని ఒంటరిగా మోయవద్దు. “ఒకని భారముల నొకడు భరించి” అని గలతీయులకు 6:2లో పౌలు రాసినది సంఘానికే. అయితే కూడికలో అందరి ముందూ చెప్పలేని సంగతులుంటాయి కాబట్టి, మాట దాచగలిగిన ఒక్కరిని, పాస్టరు గారినో, వారి భార్య అయిన అమ్మగారినో లేదా సంఘంలోని పెద్దవారినో ఎంచుకుని విషయం చెప్పండి. వినేవారికి నా మనవి ఒకటే: విన్న వెంటనే “విశ్వాసం పెంచుకోండి” అనవద్దు, విన్నదానిని మరునాడు ప్రార్థన మనవి పేరుతో నలుగురికీ చెప్పవద్దు. పక్కన కూర్చుని పూర్తిగా వినండి, ఆ సంగతినే ఎత్తి క్లుప్తంగా ప్రార్థించండి, రెండు రోజుల తర్వాత ఫోను చేసి ఎలా ఉన్నారని అడగండి.

ఇవన్నీ చేస్తున్నా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, కారణం లేకుండా గుండె దడదడలాడి ఊపిరి ఆడనట్టు అనిపించినా, పనికి వెళ్లలేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పౌలుతో కలిసి సేవచేసిన లూకాను కొలొస్సయులకు రాసిన పత్రిక ప్రియుడైన వైద్యుడని పిలుస్తుంది. వైద్యానికి వెళ్లడం అవిశ్వాసమనే బోధకు వాక్యంలో ఆధారం లేదు. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకున్నామని డాక్టరు రాసిన మాత్రలను సొంతంగా ఆపివేయడం చాలా ప్రమాదకరం, దయచేసి ఎవరి మాట విని కూడా అలా చేయవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నమ్మకమైనవారిని ఒకరిని తోడు తీసుకువెళ్లండి. ఎన్నాళ్లుగా నిద్ర లేదో, ఏ మాత్రలు వాడుతున్నారో, దడ ఏ వేళలో వస్తోందో ముందుగానే కాగితం మీద రాసుకుంటే, డాక్టరు ముందు కంగారులో మరిచిపోయినా ఆ తోడు వచ్చినవారు చదివి చెప్పగలుగుతారు.