వీక్ లెన్సింగ్‌తో విశ్వం అల్లికను కొలవడం ఎలా?

పలాసలో పరదా మీద పరిచిన జీడిపప్పును పైనుంచి ఫోటో తీశారనుకోండి. ఏ పప్పు ఎటు తిరిగి ఉందో దానికో లెక్క ఉండదు. ఇప్పుడు ఆ ఫోటోను ఎవరో ఒక పక్కకు నూటికి ఒకటి రెండు వంతులు సాగదీశారు. ఒక్క పప్పును చూసి ఆ సంగతి కనిపెట్టలేం. వేల పప్పుల వాలు సగటు తీస్తే దొరికిపోతుంది. వీక్ లెన్సింగ్ పని ఇదే. దూరపు గెలాక్సీల వెలుగు మన దాకా వచ్చే దారిలో ఉన్న పదార్థం, ముఖ్యంగా కంటికి కనపడని డార్క్ మ్యాటర్, గురుత్వంతో ఆ వెలుగును కొంచెం వంచుతుంది. దాంతో గెలాక్సీ బొమ్మ సుమారు ఒక శాతం సాగుతుంది. దీన్నే షియర్ అంటాం. గెలాక్సీకి పుట్టుకతోనే ఉన్న కోలతనం దీనికి దాదాపు ముప్పై రెట్లు. సగటులో రొద గెలాక్సీల సంఖ్య వర్గమూలం కొద్దీ తగ్గుతుంది, అంటే తొమ్మిది వందల గెలాక్సీల సగటు తీస్తే గానీ రొద సిగ్నల్ స్థాయికి దిగదు.

శ్రీకాకుళంలో ఆదివారాలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలతో ఈ పని చేయిస్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే చోట పాడవుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, పైథాన్, అందులో ఆస్ట్రోపై (ఖగోళ డేటా చదవడానికి), ట్రీకోర్ (గెలాక్సీ జతల లెక్కకు) ప్యాకేజీలు. వీటితో పాటు నోటుబుక్కు, పెన్సిల్ ఉండాల్సిందే. ఏ వాలుకు ప్లస్, దేనికి మైనస్ అన్నది చేత్తో గీసుకోకుండా కోడ్ మొదలుపెట్టకూడదు. డేటా ఉచితంగానే దొరుకుతుంది. చిలీలోని టెలిస్కోపులతో చేసిన కిలో డిగ్రీ సర్వే (కిడ్స్), డార్క్ ఎనర్జీ సర్వేల చిత్రాలు, కేటలాగులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. డార్క్ ఎనర్జీ సర్వే మూడేళ్ల కేటలాగులోనే పది కోట్ల గెలాక్సీలున్నాయి. మొత్తం దించుకోవద్దు. కొన్ని చదరపు డిగ్రీల ముక్క చాలు.

ఇక అసలు కష్టం పీఎస్ఎఫ్ (పాయింట్ స్ప్రెడ్ ఫంక్షన్, అంటే చుక్క లాంటి వెలుగు చిత్రంలో ఎలా పరుచుకుంటుందో ఆ ఆకారం) దగ్గర. నాగావళిలో తేట నీళ్ల అడుగున గులకరాయి ఎలా కనిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి. రాయి గుండ్రంగానే ఉంటుంది, నీటి కదలికకు మనకు కోలగా, మసగ్గా కనబడుతుంది. మన వాతావరణం, టెలిస్కోపు అద్దాలు, కెమెరా కలిసి గెలాక్సీకి చేసేది కూడా అదే. ఇందులో రెండు రకాల నష్టం ఉంది. మసక వల్ల గెలాక్సీ గుండ్రబడి, అసలు షియర్ తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మసకే ఒక పక్కకు వాలి ఉంటే లేని షియర్ పుట్టుకొస్తుంది. ఆ దొంగ వాలు చాలాసార్లు మనం వెతికే సిగ్నల్ కంటే పెద్దది.

నక్షత్రం మనకు చుక్కే. కాబట్టి చిత్రంలో నక్షత్రానికి ఏ ఆకారం ఉందో అదే ఆ చోటి పీఎస్ఎఫ్. ముందు చిత్రంలోని అన్ని వస్తువుల సైజును ప్రకాశంతో కలిపి గ్రాఫ్ గీయండి. నక్షత్రాలన్నీ ఒకే సైజులో ఉంటాయి గనుక అడ్డంగా ఒక గీతలా వరసకడతాయి. ఆ గీతలో మరీ మసకవాటిని తీసుకోవద్దు, అక్కడ చిన్న గెలాక్సీలు కలిసిపోతాయి. మరీ వెలిగేవాటినీ వదిలేయండి. కెమెరా చిప్‌లో చేరిన విద్యుదావేశం ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల ప్రకాశవంతమైన నక్షత్రం కాస్త లావుగా కనబడుతుంది. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా కళ్లతో చూడండి. నూరో, రెండు నూర్లో బొమ్మలు చూడటానికి ఒక సాయంత్రం పడుతుంది. కోడే ఏరిపెడుతుందని ఈ సాయంత్రాన్ని మిగుల్చుకున్నవాళ్లు తర్వాత నెలలు పోగొట్టుకోవడం చూశాను.

చూశాక, ఐదింట ఒక నక్షత్రాన్ని పక్కన పెట్టేయండి. వాటిని మోడల్‌కు చూపించకూడదు. మిగతావాటితో చిప్ అంతటా పీఎస్ఎఫ్ ఎలా మారుతోందో ఒక పాలినామియల్ కట్టండి. రెండో డిగ్రీ దాటొద్దు. మూడేళ్ల క్రితం ఆమదాలవలస నుంచి వచ్చే ఒకమ్మాయి ఐదో డిగ్రీ వాడింది. ఐదో డిగ్రీ అంటే 21 గుణకాలు, ఆ చిప్‌లో ఉన్నవి ముప్పై నక్షత్రాలు. మోడల్ ప్రతి నక్షత్రాన్నీ ముట్టుకుంటూ వెళ్లింది, చిప్ అంచుల దగ్గర మాత్రం ఇష్టమొచ్చినట్టు ఊగింది. "మాస్టారూ, సిగ్నల్ వచ్చేసింది!" అంటూ గ్రాఫ్ పట్టుకొచ్చింది. చాలా అందమైన గ్రాఫ్. ప్రతి గెలాక్సీ వాలునూ 45 డిగ్రీలు తిప్పి, ఒక్కో చోటు చుట్టూ వలయాల్లో వాలు సగటును మళ్లీ లెక్క వేయించాను. గురుత్వం వల్ల వచ్చిన సిగ్నలైతే అలా తిప్పినప్పుడు ఈ వలయాల సగటు సున్నా కావాలి. అంతే పెద్దది మళ్లీ వచ్చింది. పాపం, రెండు వారాల కష్టం పోయింది. పక్కన పెట్టిన నక్షత్రాలు ఉండి ఉంటే మొదటి రోజే తెలిసేది.

కాబట్టి పక్కన పెట్టిన నక్షత్రాల అసలు ఆకారంలోంచి మోడల్ చెప్పిన ఆకారం తీసేయండి. మిగిలిన తేడాలో ఏ వరసా, ఏ సుడీ కనిపించకూడదు. ఆ తర్వాత గెలాక్సీల సవరించిన వాలును ఆ చోటి పీఎస్ఎఫ్ వాలుతో కలిపి గ్రాఫ్ గీయండి. గీత చదునుగా ఉండాలి. వాలితే ముందుకు వెళ్లొద్దు, టెన్షన్ పడొద్దు, నక్షత్రాల ఏరివేత నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెడీమేడ్ కేటలాగు వాడేవాళ్లూ ఒక్క చిత్రం మీదైనా ఇదంతా చేయాలి. కేటలాగులో ఈ సవరణ అప్పటికే జరిగి ఉంటుంది, దాని మీద మళ్లీ చేయకండి. డార్క్ ఎనర్జీ సర్వే మూడేళ్ల కేటలాగులో రెస్పాన్స్ (అసలు షియర్‌కు కొలిచిన వాలు ఎంత కదులుతుందో చెప్పే అంకె) కాలమ్ ఉంటుంది. ఒక్కో గెలాక్సీ వాలును దాని రెస్పాన్స్‌తో భాగించడం తప్పు, వాలు సగటును రెస్పాన్స్ సగటుతోనే భాగించాలి.

మిగిలింది తేలిక. రంగుల నుంచి లెక్కగట్టిన రెడ్‌షిఫ్ట్‌తో (దూరాన్ని తెలిపే కొలత) గెలాక్సీలను నాలుగైదు గుంపులు చేసి, ట్రీకోర్‌తో జతల సహసంబంధం, అంటే ఇంత ఎడంలో ఉన్న రెండు గెలాక్సీల వాలు ఎంత కలుస్తుందో, తీయండి. కొందరు దీనికి బదులు పవర్ స్పెక్ట్రమ్ (ఇదే సమాచారాన్ని తరంగాల సైజు వారీగా చూపేది) చేయమంటారు. నేను సహసంబంధమే చేయమంటాను. పెద్ద నక్షత్రాల చుట్టూ కత్తిరించిన ఖాళీలు ఇందులో ఇబ్బంది పెట్టవు. రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం లాంటిది) ఎడమవైపుకు పెరుగుతుంది, కాబట్టి వాలు రెండో భాగం (మూలవాటు సాగుదల చెప్పేది) గుర్తు తారుమారైందేమో చూసుకోండి. దగ్గరగా పుట్టిన గెలాక్సీలు లెన్సింగ్ లేకుండానే ఒకే పక్కకు వాలుతాయి, సహసంబంధాన్ని పోల్చే సిద్ధాంత మోడల్‌లో దానికీ చోటివ్వండి.

ఆ పోలిక నుంచి చివరికి వచ్చే సంఖ్య ఎస్8, అంటే విశ్వంలో పదార్థం ఎంత ముద్దగట్టిందో చెప్పే కొలత. విశ్వపు తొలినాటి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క ప్రకారం అది 0.83 దగ్గర ఉండాలి. కిడ్స్ 2020లో 0.76 దగ్గర చెప్పింది. 2025లో మొత్తం డేటాతో 0.815 వచ్చి ప్లాంక్‌తో కలిసింది. ఆ మార్పులో పెద్ద భాగం రెడ్‌షిఫ్ట్‌లను మెరుగ్గా లెక్కించడం వల్లే వచ్చింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే సంఖ్య అలా కదిలింది. అందుకని కావలసిన జవాబు ముందే తెలియకుండా, మీ షియర్ విలువలన్నిటినీ స్నేహితుడి చేత ఒక రహస్య సంఖ్యతో గుణింపజేయండి. 45 డిగ్రీల పరీక్షలో సున్నా వచ్చాకే ఆ సంఖ్య అడగండి.