చలికాలంలో పెద్దాకుల మొక్కలు: ఏం కనిపిస్తే ఏం చేయాలి

అలోకేసియా, కొలొకేసియా, కలాడియం, మెట్టతామర, అలంకరణ అరటి. ఇవన్నీ వేడిమి, తేమ ఉన్న నేలల్లో పుట్టినవి. చలికాలంలో ఇవి చచ్చిపోతే నింద చలి మీదికే పోతుంది. నేను చూసినంతలో మాత్రం చలికి పోయినవాటికన్నా, ఆ చలిలో మనం పోసిన నీళ్ళకి పోయినవే ఎక్కువ.

ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి, మట్టి మాత్రం తడిగానే ఉంది

ముందు ఎన్ని ఆకులో చూడండి. అడుగున ఉన్న ముసలి ఆకు ఒక్కటే పండితే కంగారు వద్దు. వెలుతురు తగ్గినప్పుడు అలోకేసియా పాత ఆకుల్ని వదిలేసుకుంటుంది. నాలుగైదు ఒకేసారి పండి, కాడ మొదలు మెత్తబడి, మట్టి కుళ్ళు వాసన కొడితే అది వేరుకుళ్ళు. చల్లటి మట్టిలో వేర్లు నీళ్ళు తాగడం దాదాపు మానేస్తాయి, మనమేమో వేసవి లెక్కనే పోస్తుంటాం.

కుండీలోంచి తీసి మట్టి దులపండి. గోధుమరంగులో మెత్తగా ఉన్న వేర్లని, దుంపలో మెత్తబడిన భాగాన్ని గట్టి కండ తగిలేదాకా శుభ్రమైన కత్తితో కోసేయండి. కోత ఒకటి రెండు రోజులు ఆరాక, పెర్లైట్ (నీరు నిలవకుండా మట్టిలో కలిపే తేలికపాటి తెల్లటి గుళికలు) బాగా కలిపిన పొడి మిశ్రమంలో చిన్న కుండీలోకి మార్చి వెచ్చగా ఉంచండి. కొత్త చిగురు కనబడేదాకా నీళ్ళు చాలా కొద్దిగానే. చేతులకి తొడుగులు వేసుకోండి, అలోకేసియా లాంటి చేమ జాతి మొక్కల రసానికి దురద పుడుతుంది.

ఆకులన్నీ రాలిపోయినా దుంప గట్టిగా ఉంటే దయచేసి పారేయకండి. అది చచ్చిపోలేదు, నిద్రపోతోంది.

దాచిన దుంపలు బూజు పట్టాయి, లేదా ముడుచుకుపోయాయి

బూజుకి కారణం తడి ఆరకముందే పాలిథిన్ సంచిలో మూటకట్టడం. తవ్విన దుంపల్ని కొన్ని రోజులు గాలి ఆడే నీడలో ఆరబెట్టి, పొడి కొబ్బరిపొట్టులో, అట్టపెట్టెలో పెట్టండి. ముడుచుకుపోతుంటే పొట్టు మరీ ఎండిందన్నమాట, కాసిని నీళ్ళు చిలకరిస్తే చాలు.

అన్నింటినీ ఒకేచోట దాచడం ఇంకో పొరపాటు. మెట్టతామరకి 7–10 డిగ్రీల సెల్సియస్ హాయి. కలాడియం అదే చోట కుళ్ళిపోతుంది, దానికి 15 డిగ్రీలకి తగ్గకూడదు.

మంచుకి అరటి కాండం నల్లబడి కూలిపోయింది

ఏ అరటో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. మూసా బాస్జూ అయితే భూమిలోని దుంప బతికే ఉండొచ్చు. మెత్తబడిందంతా కోసి, మొదట్లో అడుగు మందాన ఎండాకులు కప్పండి, వెచ్చబడ్డాక పిలకలు వస్తాయి. అరటి కుటుంబానికే చెందిన ఎన్సెట్‌ది వేరే కథ. దానికి మామూలుగా పిలకలు రావు, నడిమొవ్వు పోతే మొక్కే పోయినట్టు. అందుకే మంచు పడకముందే తవ్వి, ఆకులు కోసి, మట్టల మధ్య నిలిచిన నీరు కారిపోయేలా కొన్నాళ్ళు తలకిందులుగా నిలబెట్టాలి. తర్వాత మంచు తగలని పొడి చోట దాచాలి. ఆ నీరు వంచని ఎన్సెట్ లోపలినుంచి కుళ్ళుతుంది, బయటికి చాలా రోజులదాకా తెలియదు.

ఆకు మీద సన్నటి పాలిపోయిన చుక్కలు, వెనక సాలెగూడు లాంటి దారాలు

ఎర్రనల్లి. హీటర్ వేసిన గది పొడిగాలి దానికి పండగ. ఆకు వెనకవైపు నీళ్ళతో గట్టిగా కడిగి, వేపనూనె ద్రావణం పిచికారీ చేయండి. గుడ్లు మిగిలే ఉంటాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు తప్పదు.

ఆకు కొనల నుంచి నీటిబొట్లు రాలడం మాత్రం రోగం కాదు.

బయట పెట్టగానే ఆకులు తెల్లగా మాడాయి

ఇంట్లో పెరిగిన ఆకు నేరుగా ఎండని తట్టుకోలేదు. మాడింది మళ్ళీ పచ్చబడదు, కొత్త ఆకు కోసం ఆగడమే. ముందు నీడలో పెట్టి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా వెలుతురులోకి జరపండి.

నాటిన కలాడియం మొలవడం లేదు

మట్టి ఇంకా చల్లగా ఉంది. నేల 20 డిగ్రీలకి దగ్గరపడేదాకా నాటకండి. నాటేసి ఉంటే నీళ్ళు ఆపి, కుండీని వెచ్చటి చోటికి మార్చండి. వారాలు పట్టినా తవ్వి చూడకండి, లేత మొలక విరిగిపోతుంది.