మిస్సిసిపీ మీద మోటారు పడవ – నాలుగవ పాఠం: దిగువకు లాకు దాటడం

దిగువకు వెళ్ళేటప్పుడు ఎర్ర బోయాలను (నీటిపై తేలే దారి గుర్తులను) ఎడమ చేతి వైపు, పచ్చ బోయాలను కుడి చేతి వైపు ఉంచుకొని పడవ నడపాలని గత పాఠంలో నేర్చుకున్నాము. ఈ పాఠంలో లాకుల సంగతి, అంటే ఆనకట్ట పక్కన నీటి మట్టం మార్చి పడవను దాటించే తలుపుల గదుల సంగతి చూద్దాము.

మినియాపొలిస్ నుంచి సెయింట్ లూయిస్ వరకు నది సుమారు 420 అడుగులు దిగుతుంది. ఆ దిగుడంతా ఆనకట్టల మెట్ల మీదుగా సాగుతుంది. వీటిలో ఎక్కువ భాగం 1930ల నాటి కట్టడాలు. ధవళేశ్వరం దగ్గర కాలువ లాకులు చూసినవారికి ఇక్కడి పద్ధతి కొత్తగా తోచదు. పంపులేవీ లేకుండా, నీరు తన బరువుతో తానే దిగువకు పోతుంటే పడవ దానితోపాటు దిగుతుంది. తేడా అంతా కొలతలోనే. ఇక్కడి లాకు గది సాధారణంగా 110 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవు ఉంటుంది.

అసలు జాగ్రత్త లాకులో కాదు, లాకుకు ముందే కావాలి. వెనుక నుంచి ప్రవాహం నెడుతున్న పడవ, ఇంజను ఆపినా ఆగదు. లాకు పక్కనే ఆనకట్ట గేట్లుంటాయి, నీరు వాటి వైపే లాగుతుంది. ఆనకట్టకు ఎగువన 600 అడుగులు, దిగువన 150 అడుగులు నిషిద్ధ ప్రాంతం. అందువల్ల చాలా ముందుగానే వేగం తగ్గించి, లాకు గోడ ఉన్న గట్టు వైపే ఉంటూ, పడవ రేడియో (వీహెచ్‌ఎఫ్) 14వ ఛానెల్‌లో లాకు సిబ్బందిని పిలిచి, మీ పడవ పేరు, పొడవు, దిగువకు వెళ్తున్నారన్న మాట చెప్పండి. రేడియో లేకపోతే గోడ చివర చిన్న పడవల కోసం వేలాడదీసిన తాడును లాగవచ్చు.

ఎర్ర దీపం ఉంటే దూరంగా ఆగండి. పచ్చ దీపం వెలిగాకే లోపలికి వెళ్ళండి. సరుకు పడవలకు మనకంటే ముందు వంతు. 15 బార్జీల (ఇంజను లేని సరుకు పడవల) బారు 600 అడుగుల గదిలో పట్టదు కనుక మొదట 9, తరువాత 6 చొప్పున విడదీసి దాటిస్తారు. దీనికి గంటన్నర పైనే పట్టవచ్చు. ఆ సమయంలో విసుగుతో ముందుకు జరగడం ఈ నదిలో నేను చూసిన అతి ప్రమాదకరమైన అలవాటు.

లోపల అందరూ లైఫ్ జాకెట్లు వేసుకొని ఉండాలి. పడవకు రెండు వైపులా ఫెండర్లు (గోడ రాపిడి తగలకుండా కాపాడే మెత్తలు) వేలాడదీసి, ఇంజను ఆపి, పైనుంచి ఇచ్చే తాడును ముందొకరు, వెనుకొకరు పట్టుకోవాలి. తాడును ఎన్నడూ ముడి వేయకండి. నీరు దిగుతుంటే గోడ మీది నాచు తడి మెరుస్తూ పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. చేతిలోని తాడును కొద్దికొద్దిగా వదలాలి. ముడి పడితే పడవ ఒక పక్క గోడకు వేలాడి, రెండవ పక్క నీటిలోకి ఒరిగిపోతుంది. తాడు చిక్కుకుంటే కోయడానికి ఒక చిన్న కత్తి ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి.

తలుపులు తెరుచుకొని, చిన్న హారన్ మోగిన తరువాతే తాడు వదిలి, నెమ్మదిగా బయటికి రండి. ఆనకట్ట నుంచి పక్కగా తోసుకొచ్చే నీరు పడవ ముక్కును తిప్పుతుంది. చుక్కాని సిద్ధంగా పట్టుకోండి.

అభ్యాసం: మీ నదీ పటంలో ఏదైనా ఒక లాకును తీసుకొని, నిషిద్ధ ప్రాంతాన్ని గీసి, మీరు ఎక్కడ ఆగి వేచి ఉంటారో గుర్తించండి. గట్టు నుంచి నదిలోకి చాచి, నీటిలో మునిగి కనబడని రాతి రెక్క కట్టల గురించి వచ్చే పాఠంలో.