మొక్కజొన్నకు నత్రజని – నాలుగో పాఠం: మోళ్ల మీద చల్లిన యూరియా

ఈసారి పొటాష్ గురించి చెప్పాలి. కానీ గత పాఠం తర్వాత వచ్చిన ప్రశ్నలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. చాలామంది వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న విత్తి, పూత ఉన్న యూరియా మెల్లగా అందుతుంది కదా అని పంటకాలానికి సరిపడా ఎరువును ఒకేసారి మోళ్ల మీద చల్లేశారు. నెల తిరిగేసరికి చేను పసుపెక్కింది.

వేప పూత యూరియా, అంటే గింజలకు వేప నూనె పట్టించిన యూరియా, ఎక్కడ దొరుకుతుందని అడిగినవారికి ముందుగా ఒక మాట. మీ ఇంట్లో ఉన్న బస్తా అదే. 2015లో కేంద్రం దాన్ని తప్పనిసరి చేసింది.

యూరియాకు తడి తగిలితే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియంగా మారుస్తుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. వేప నూనె మందగింపజేసేది ఈ రెండో మార్పునే. అమ్మోనియాన్ని బంకమట్టి పట్టి ఉంచుతుంది. నైట్రేట్ మాత్రం నీటితో పాటు జారి మురుగు కాలువ చేరుతుంది, నీరు నిలిచిన చోట వాయువై పోతుంది. నీరు త్వరగా దిగని డెల్టా బరువు నేలల్లో వేప పూత చేసే మేలు ఇదే.

మొదటి మార్పును వేప పూత ఆపదు. చిక్కంతా ఇక్కడే ఉంది. నేల పైనే అమ్మోనియం తయారైతే యూరియా గింజ చుట్టూ క్షారగుణం పెరుగుతుంది, దాంతో అమ్మోనియం అమ్మోనియా వాయువై గాలిలో కలుస్తుంది. ఖాళీ నేలలో కంటే వరి మోళ్లు, గడ్డి మీద యూరియేజ్ ఎక్కువ కాబట్టి దున్నని చేలో ఈ నష్టం ఇంకా పెద్దది.

కాలువ వంతు రాగానే నీరు పెట్టి, మర్నాడు తడి నేల మీద యూరియా చల్లడం ఎంతో మందికి అలవాటు. గింజ కరగడానికి ఆ తడి చాలుతుంది గానీ లోపలికి దిగడానికి చాలదు. ఇంతకన్నా చెడ్డ పద్ధతి లేదు. మంచు పడిన ఉదయం చల్లినా అదే జరుగుతుంది, పైగా మొక్క సుడిలో పడిన యూరియా గింజలు ఆకును మాడుస్తాయి. ఇసుక కలిపితే చల్లడం సమంగా వస్తుంది, అంతే. పచ్చి పేడలో కలిపి చల్లేవారు యూరియేజ్‌ను చేజేతులా అందిస్తున్నారు. ముందు ఎరువు వేయండి, వెంటనే పలచటి తడి ఇవ్వండి. కరిగిన యూరియా నీటితో కిందికి దిగుతుంది. నన్ను అడిగితే అంతకన్నా మంచిది, మొక్కకు జానెడు దూరంలో రెండు అంగుళాల లోతున వేసి మట్టి కప్పడం. కూలి ఖర్చు ఎక్కువే, అయినా నేను దీన్నే ఎంచుకుంటాను.

చేను పసుపెక్కడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తొలి వారాల్లో నత్రజనిని తామే తీసుకుంటాయి. కింది ఆకులు కొన నుంచి ఈనె వెంట పసుపెక్కితే అది నత్రజని లోపం. లేత ఆకుల్లో ఈనెకు ఇరువైపులా తెల్లటి పట్టీలు కనిపిస్తే జింకు లోపం, దానికి యూరియా ఎంత వేసినా ఫలితం ఉండదు. నత్రజనిలో నాలుగో వంతు విత్తేటప్పుడు, సగం మోకాలి ఎత్తులో, మిగిలింది మొక్క పూతకు వచ్చే ముందు వేయండి. మోళ్లు తగలబెట్టకండి, నేలకు మిగిలే సేంద్రియ పదార్థం అదే.

గంధకం పూత యూరియా అని ఇంకో రకం ఉంది. అందులో యూరియా కరగడాన్ని ఆ పూతే ఆలస్యం చేస్తుంది కాబట్టి, ఇతర ఎరువులతో కలిపి నలిపి దాన్ని పగలగొట్టకండి. వేప పూత బస్తాకు బదులు ఇదీ ఒక బస్తా అని లెక్క వేసుకోకండి. 45 కిలోల వేప పూత బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 40 కిలోల గంధకం పూత బస్తాలో 37 శాతం, అంటే 14.8 కిలోలే. నాలుగు బస్తాల దగ్గర తేడా 23 కిలోలు దాటుతుంది.

అభ్యాసం: 60 సెంటీమీటర్ల ఎడంతో నాలుగు సాళ్లు, పది మీటర్ల పొడవు, అంటే 24 చదరపు మీటర్ల మడులు మూడు గుర్తించండి. ఒకదానికి నత్రజని వద్దు. ఎకరాకు 80 కిలోల నత్రజని లెక్కన మిగతా రెండింటికీ 1,030 గ్రాముల చొప్పున యూరియా తూచి, పైన చెప్పిన మూడు దఫాలుగా వేయండి. ఒక దాంట్లో పైన చల్లండి, రెండో దాంట్లో మట్టిలో కప్పండి. మూడింటికీ ఒకే రోజు నీరు పెట్టండి. కోతప్పుడు గట్ల పక్క సాళ్లు వదిలి, నడిమి రెండు సాళ్ల గింజలను విడివిడిగా ఒలిచి, తేమ 14 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టి తూచండి. ఆ మూడు అంకెలూ రాసి పంపండి, ఆరో పాఠంలో లెక్కలు వాటితోనే చేద్దాం.