ఈఎస్‌ఎక్స్‌ఐ 8కి నెట్‌వర్క్ కార్డు కనబడకపోతే: నా అనుభవం

తిరుపతి చిన్న ఆఫీసుల్లో అసెంబుల్డ్ పీసీనే సర్వర్ చేసేస్తుంటారు. అలాంటి దాంట్లో ఈఎస్‌ఎక్స్‌ఐ 8 (ఒకే మెషీన్ మీద చాలా వర్చువల్ కంప్యూటర్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) వేస్తే, ఇన్‌స్టాల్ మధ్యలో నెట్‌వర్క్ అడాప్టర్లు లేవంటూ ఒక్కోసారి ఆగిపోతుంది. నాకూ అదే జరిగింది. బయాస్ అప్‌డేట్, కేబుల్ మార్పు, పాత రియల్‌టెక్ డ్రైవర్, ఏదీ పనిచేయలేదు. ఆ డ్రైవర్ ఆధారపడ్డ వీఎంకేలినక్స్ పొరను (లినక్స్ డ్రైవర్లను ఈఎస్‌ఎక్స్‌ఐలో నడిపించే భాగం) 7.0 వెర్షన్‌లోనే తీసేశారు మరి.

లినక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే (lspci -nnk) కొట్టాను; మెషీన్‌లోని కార్డులూ వాటి ఐడీలూ చూపించే కమాండ్ అది. బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టు ఐడీ (వెండర్:డివైస్) 10ఈసీ:8168, అంటే రియల్‌టెక్. తర్వాత కంపాటిబిలిటీ గైడ్‌లో (ఈఎస్‌ఎక్స్‌ఐకి ఏ హార్డ్‌వేర్ సరిపోతుందో చెప్పే ఆన్‌లైన్ జాబితా) కార్డు పేరుతో కాకుండా వెండర్, డివైస్, సబ్‌వెండర్, సబ్‌డివైస్ ఐడీలు నాలుగూ ఇచ్చి, వేయబోయే వెర్షన్ ఎంచుకుని వెతకాలి. పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరే ఉండొచ్చు, అక్కడే దెబ్బతింటాం. ఇంటెల్ ఐ350 నెట్‌వర్క్ కార్డు, అంటే 8086:1521, పెట్టాక ఇన్‌స్టాలర్ ముందుకు కదిలింది. డిస్కు కంట్రోలర్‌కీ ఇదే తంతు.

మీ బోర్డులోనూ ఇలాగే అవుతుందని హామీ ఇవ్వలేను. కార్డు కొనేముందు వాపసు తీసుకుంటారో లేదో షాపులో అడిగి పెట్టుకోండి.