మొలకలు మిగిలాయి, గోదురుకప్ప వల్ల

పెరట్లో బెండ, బచ్చలి మొలకలు రెండాకులు వేయగానే రాత్రికి రాత్రే మాయమయ్యేవి. టార్చి వేసి చూస్తే అన్నీ నత్తలు, గొంగళి పురుగులు. బూడిద, గుడ్డు పెంకులు, వేపనూనె, చేత్తో ఏరడం, ఏదీ నిలవలేదు.

చివరికి దారి చూపింది గోదురుకప్ప, రాత్రిపూట తిరుగుతూ ఈ నత్తలను, పురుగులను తినేస్తుంది. ముందు మందులు కొట్టడం పూర్తిగా మానేశాను. కప్ప నీళ్లు తీసుకునేది చర్మంతోనే, మందు కూడా అలాగే లోపలికి పోతుంది. తర్వాత, వానలకు ముందే, పందిరి కింద నీడలో పగిలిన కుండను బోర్లించాను. ఒక పక్క పిడికిలి దూరేంత సందు, లోపల తడిమట్టి, ఎండుటాకులు. పక్కనే లోతులేని మట్టి మూకుడు నేలకు సమంగా పాతి, ఎక్కి దిగడానికి ఒక రాయి పెట్టాను. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో ఉంచి పోస్తాను. దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి మారుస్తాను. ఇది మాత్రం మానకండి.

కప్పను నేను పట్టి తేలేదు, తొలి వానల తర్వాత అదే వచ్చింది. నెల తిరిగేసరికి మొలకలు నిలిచాయి. మా ఇంటి వెనక కాలువ ఉంది, అందుకే తొందరగా వచ్చిందేమో. మేడ మీద తోటలో కుదురుతుందని చెప్పలేను. కుక్కను పెంచేవాళ్లు జాగ్రత్త, గోదురుకప్ప చర్మంలో విషం ఉంటుంది.